సిరొంచ శిలాజాలకు రిజిస్టరు ఎక్కడ?

శిలాజాల పేర్ల మీద శాస్త్రవేత్తల తగవు మనకెందుకని మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచలో ఎవరైనా అనుకుంటే పొరపాటే. అలాంటి తగవొకటి దశాబ్దాలపాటు నడిచింది ప్రాణహిత నది అవతలి ఒడ్డున, తెలంగాణలోని మలేరి ఎర్రమట్టిలో దొరికిన మొసలిలాంటి జంతువు మీద.

1885లో శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ దానికి పారాసూకస్ హిస్లోపీ అని పేరు పెట్టాడు. ఆయన చేతిలో ఉన్నవి ముక్కలే. అందులో పుర్రె అడుగుభాగం అసలా జంతువుదే కాదు, రింకోసార్ అనే మరో సరీసృపానిది. 1970లలో శంకర్ ఛటర్జీ దాన్ని వేరుచేసి, ముట్టె ఎముక ముక్కనొకదాన్ని పేరుకు ఆధారంగా, అంటే ఆ పేరు ఏ జంతువుదో తేల్చే నమూనాగా నిలిపారు. ఆ ముక్కలో ప్రత్యేకత ఏమీ లేదు, పేరు చెల్లదని 1991లో హంట్, లూకాస్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ఛటర్జీ అంతర్జాతీయ జంతు నామకరణ సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. 2003లో సంఘం ఆ ముక్కను పక్కనబెట్టి, కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని అస్థిపంజరాన్ని కొత్త ఆధారంగా ఒప్పుకుంది. అలాంటి ఆధారం మొదటి నమూనా దొరికిన చోటికీ, ఆ రాతిపొరకూ వీలైనంత దగ్గరిదై ఉండాలి, గుర్తింపున్న సంస్థ సొత్తై ఉండాలి. ఇవన్నీ కాగితం మీద ఉండబట్టే పేరు బతికింది. హద్దురాయి ఎంత పక్కాగా ఉన్నా, సాత్‌బారాలో (పొలం రికార్డులో) లేకపోతే పొలం గొడవ తప్పదు కదా!

టైటనోసారస్ ఇండికస్ అనే డైనోసార్ పేరుకు ఆ భాగ్యం దక్కలేదు. 1877లో జబల్‌పూర్ తోక వెన్నుపూసల మీద పెట్టిన పేరది. ఆ వెన్నుపూసల లక్షణాలు ఎన్నో డైనోసార్లలో ఉన్నాయంటూ 2003లో విల్సన్, అప్‌చర్చ్ అనే శాస్త్రవేత్తలు ఆ పేరును కొట్టేశారు. అప్పటికి అసలు వెన్నుపూసల జాడే లేదు. ఒకటి 2012లో కోల్‌కతాలో బయటపడింది.

ఇక మన ఒడ్డు సంగతి. జురాసిక్ కాలపు రాతిపొరలకు మన కోట ఊరి పేరే ఉంది, వడధంలో శిలాజ పార్కూ ఉంది. అయినా దున్నేటప్పుడు ఎముక తగిలితే పెకలించి ఇంటికి తెచ్చేస్తాం. అక్కడితో అది ఏ పొరదో చెప్పే దారి మూసుకుపోతుంది. కదపకముందే స్కేలు పెట్టి ఫొటో తీయాలి, పొర వివరం, జీపీఎస్ రాసుకోవాలి. పెళుసు ఎముకైతే చుట్టూ తవ్వి, తడికాగితం రెండు మూడు వరుసలు పరిచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టాలి. కాగితం మరిస్తే ప్లాస్టర్ ఎముకకే పట్టేసి, విప్పేటప్పుడు పైపొరను ఊడబెరుకుతుంది. నంబరు ఎముక మీదా, రిజిస్టరులోనూ ఒకటే ఉండాలి. వట్టి చీటీ కడితే చెదలపాలే.

భద్రత, పరిశోధకుల సౌకర్యం నగరాల్లోనే ఉంటాయి కాబట్టి శిలాజాలు అక్కడే ఉండాలంటారు కొందరు. అరుదైన నమూనాల విషయంలో అది నిజమే. కానీ మొదటి నంబరు పడాల్సింది దొరికిన చోటే, నగరం చేరాక వేసే నంబరు పొరను తిరిగి తేలేదు.

తాలూకా కేంద్రంలో ఒక గది, తాళాలున్న ఇనుప బీరువాలు, ప్లాస్టర్ పని నేర్చిన ఇద్దరు స్థానిక యువకులు, తెలుగు, మరాఠీల్లో రాసే రిజిస్టరు. గడ్చిరోలి జిల్లా యంత్రాంగం ముందుగా ఇవ్వాల్సింది ఇవి.