రంపం కింద మంచి చెక్క పోతోంది, లెక్క రాసేవాళ్లు లేరు

లేజర్ గీతతో నడిచే రంపం దగ్గర ఆపరేటర్ పని బాగుందో లేదో తేల్చడానికి చాలా మిల్లులు చూసేది ఒకటే అంకె. షిఫ్టులో ఎన్ని పలకలు కోశారు? ఆ అంకె స్క్రీన్ మీదే ఉంటుంది కాబట్టి చూడటం తేలిక. కానీ అంత డబ్బు పోసి ఆ యంత్రాన్ని కొన్నది లోపాలున్న పలకలోంచి వీలైనంత మంచి చెక్కను బయటికి తీయడానికి. ఆ పని ఎలా జరుగుతోందో తెలియాలంటే తుక్కు డబ్బాలోకి చూడాలి. అక్కడికి ఎవరూ వెళ్లడం లేదన్నదే నా అభ్యంతరం.

ఈ రంపాలు ప్రధానంగా రెండు రకాలు. పలకను నిలువునా చీల్చే రంపంలో, బ్లేడు ఎక్కడ నడుస్తుందో పలక పొడవునా లేజర్ గీత చూపిస్తుంది. ఆ గీతను బట్టి పలకను కాస్త అటూ ఇటూ జరిపి, బెరడు అంచు, వంకర మాత్రమే పోయేలా పెట్టడం ఆపరేటర్ పని. రెండోది అడ్డకోత రంపం. ఇందులో ఆపరేటర్ పలకను రెండువైపులా చూసి, ముడికి, అంటే కొమ్మ మొలిచిన చోట చెక్కలో ఉండే గట్టి మచ్చకు, అటొకటి ఇటొకటి చొప్పున మెరిసే క్రేయాన్‌తో గీతలు గీస్తారు. యంత్రంలోని సెన్సర్ ఆ గీతలను చదువుతుంది. మిగిలిన మంచి చెక్కలోంచి ఆర్డర్‌కు కావలసిన పొడవుల్లో ఏవేవి తీస్తే లాభమో కంప్యూటర్ లెక్క కడుతుంది. చిన్న యంత్రాల్లో ఇంతా ఉండదు, పలక మీద పడే లేజర్ గీత కిందకు ముడి అంచును తెచ్చి కోయడమే.

లేజర్ అనగానే లోపాన్ని అదే కనిపెడుతుందని చాలామంది అనుకుంటారు. లోపాన్ని నిజంగా వెతికే లేజర్లు వేరే ఉన్నాయి, అవి స్కానర్లలో ఉంటాయి. పైన్ లాంటి మెత్తని కలప మీద చిన్న లేజర్ చుక్క పడితే, ఆ వెలుతురు నారల వెంట పాకి కోలగా సాగుతుంది. ముడి దగ్గర నారలు పలక ఉపరితలం నుంచి బయటికి తిరిగి ఉంటాయి కాబట్టి చుక్క అలా సాగదు. ఆ తేడాను కెమెరా పట్టుకుంటుంది. చాలా తెలివైన పద్ధతి. కానీ రంపం మీద గీత గీసే లేజర్‌కు ఇవేవీ తెలియవు. అది బ్లేడు దారి మాత్రమే చూపిస్తుంది. ఏది లోపం, ఎక్కడిదాకా లోపం అన్నది ఆపరేటర్ కంటితో తేలాల్సిందే.

ఇక్కడే డబ్బు పోతుంది. ఒక పలకలో రెండు ముడుల మధ్య 612 మిల్లీమీటర్ల మంచి చెక్క ఉందనుకుందాం. ఆర్డర్‌లో 600, 450 పొడవులు కావాలి. ఆపరేటర్ ముడికి మూడేసి మిల్లీమీటర్లు వదిలి గీస్తే 606 మిగులుతుంది, 600 ముక్క వస్తుంది. ఎందుకైనా మంచిదని పదేసి వదిలితే మిగిలేది 592. ఇక 600 రాదు. 450 ముక్క తీసి, 142 మిల్లీమీటర్ల శుభ్రమైన చెక్కను డబ్బాలో పడేస్తుంది యంత్రం. రెండు గీతల్లో వచ్చిన తేడా కలిపి 14 మిల్లీమీటర్లు, నష్టం దానికి పది రెట్లు. స్క్రీన్ మీద మాత్రం ఆ పలక చక్కగా కోసినట్టే నమోదవుతుంది.

ఆపరేటర్లు ఎందుకు ఎక్కువ వదులుతారు? తప్పు వాళ్లది కాదంటాను. ముడి అంచు కాస్త మిగిలిన ముక్క అసెంబ్లీ దాకా వెళ్తే తిరిగొస్తుంది, ఎవరు గీశారని ఆరా తీస్తారు, తిట్లు పడతాయి. మంచి చెక్క డబ్బాలో పడితే అడిగే నాథుడే ఉండడు. ఒకవైపు టెన్షన్, మరోవైపు ఏమీ లేదు. పైగా వేగం పెంచమని వెనక నుంచి ఒత్తిడి. ఇలాంటి చోట ఎవరైనా గీతను దూరంగానే గీస్తారు. మిల్లు పెట్టిన కొలత ఎలా ఉంటే మనిషి చెయ్యి అలాగే అలవాటు పడుతుంది.

దూరంగా గీసిన ప్రతి గీతా వృథా అనలేం. ముడి చుట్టూ నారలు వంగి ఉంటాయి. అక్కడ ఫింగర్ జాయింట్ వేస్తే, అంటే ముక్కల చివరలను వేళ్లలా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి జిగురుతో అతికితే, అతుకు బలహీనపడుతుంది, చిత్రిక పడితే చెక్క లేస్తుంది. కాబట్టి జాయింట్‌కు వెళ్లే ముక్కకు ఎక్కువ వదలాలి. పలక చివరి పగుళ్లు ఇంకా మోసం చేస్తాయి. పైకి కనిపించే చోట పగులు ఆగిపోదు, వెంట్రుక సందులా లోపలికి పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు చివరి నుంచి పలచని ముక్క కోసి, దాన్ని బల్ల అంచుకు కొట్టి చూస్తారు. పుటుక్కున రెండయితే పగులు ఇంకా ఉన్నట్టు, మరో ముక్క కోయాలి. ఇది నేర్పితే ఎవరికైనా వస్తుంది. నేర్పడానికే టైమ్ లేదంటారు.

అసలు లోపం అనేది పలకలో స్థిరంగా ఉండేది కాదు, ఆర్డర్‌తో మారుతుంది. చేవ పక్కన తెల్లచెక్క చార ఉన్న ముక్క, పారదర్శకమైన పాలిష్ వేసే తలుపుకు పనికిరాదు. పెయింట్ వేసే ఫ్రేముకు నిక్షేపంగా పనికొస్తుంది. గట్టిగా అతుక్కుని ఉన్న చిన్న ముడి, సోఫా లోపల కనిపించని బద్దకు లోపమే కాదు. ఆ ముక్క ఏమవుతుందో ఆపరేటర్‌కు చెప్పకుండా పొడవుల జాబితా ఒక్కటే చేతికిస్తే, వాళ్లు అన్నిటికీ కఠినమైన కొలమానమే వాడతారు. జాబితాలో ఏ పొడవుకు ఎంత విలువ అన్నది ఆఫీసులో ఒకసారి పెట్టి నెలల తరబడి మార్చకపోతే, కంప్యూటర్ కూడా అవసరం లేని పొడవులనే కోస్తూ పోతుంది. ఆ నష్టం కూడా చివరికి ఆపరేటర్ ఖాతాలోనే పడటం అన్యాయం.

లేజర్ సంగతికి వస్తే, బ్లేడు తినే చెక్కను మరిచిపోకూడదు. బ్లేడు కోత మందం 4 మిల్లీమీటర్లు అనుకోండి. గీత ఆ మందానికి ఏ పక్కన పడుతోందో తెలియకపోతే, ముడివైపు పోవాల్సిన నాలుగూ మంచి చెక్కలోంచి పోతాయి. ఇందాకటి 606లో రెండు కోతలకు 8 పోతే మిగిలేది 598, అంటే మళ్లీ 600 ముక్క పోయినట్టే. అదురుకు లేజర్ బ్రాకెట్ కదులుతుంది, బ్లేడు మారిస్తే మందం మారుతుంది, లెన్స్ మీద పొట్టు పేరుకుని గీత లావవుతుంది. షిఫ్టు మొదట్లో ఒక తుక్కు పలకపై పెన్సిల్ గీత గీసి, దాన్ని లేజర్ కింద పెట్టి కోసి, కోత ఎక్కడ పడిందో చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు కూడా పలకల అంకెను తగ్గిస్తాయని వదిలేసే చోట యంత్రం ఎంత ఖరీదైనదైనా ఏం లాభం?

కలప కొనుగోలులో ఈ లెక్క మొదటి నుంచీ ఉంది. అమెరికాలో 1898లో ఏర్పడిన నేషనల్ హార్డ్‌వుడ్ లంబర్ అసోసియేషన్ నియమాల్లో గ్రేడ్ అంటేనే పలకలో ఎంత శుభ్రమైన చెక్క దొరుకుతుందన్న కొలత. పై గ్రేడ్ అయిన ఎఫ్ఏఎస్‌కు సుమారు 83 శాతం, నంబర్ వన్ కామన్‌కు సుమారు 67 శాతం రావాలి. కింది గ్రేడ్ పలకలో ముక్కలు చిన్నవి, ముడులు ఎక్కువ, గీతలూ ఎక్కువ. అంటే చవక కలప కొన్న కొద్దీ రంపం దగ్గరున్న మనిషి నైపుణ్యం మీద ఆధారపడటం పెరుగుతుంది. కొనుగోలు దగ్గర శాతాలు చూసి బేరమాడే యజమాని, రంపం దగ్గరకు వచ్చేసరికి పలకలు మాత్రమే లెక్కపెడితే ఆ బేరం ఏమైనట్టు?

వేగం మీద మోజుకు ఇంకో ఖరీదు కూడా ఉంది. ఇరుక్కున్న ముక్కను తీయడానికి కరెంటు ఆపి తాళం వేయకుండా చెయ్యి పెట్టడం ఎక్కువగా తొందరలోనే జరుగుతుంది. లేజర్ గీత వెలుగుతున్నా ఆరినా, బ్లేడు ఆగిందని దాని అర్థం కాదు. దుమ్ము లాగే గొట్టం పూడుకుపోయినా పని ఆపరు. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. షిఫ్టుకు ఒకసారి తుక్కు డబ్బాలోంచి ఒక గంపెడు ముక్కలు తీసి, ఆపరేటర్‌నూ సూపర్‌వైజర్‌నూ పక్కపక్కన నిలబెట్టి, ఒక్కో ముక్కలో లోపం ఎంత, మంచి చెక్క ఎంత అని టేపుతో కొలవాలి. పలకల సంఖ్య పక్కనే ఆ అంకె రాయాలి. బోనస్ ఉంటే రెండిటి మీదా ఇవ్వాలి. స్కానర్ పెట్టిన మిల్లుకూ ఇది తప్పదు. ఎంత ముదురు మచ్చను లోపంగా లెక్కేయాలో, ముడికి ఎంత దూరం వదలాలో ఆ స్కానర్‌కు చెప్పేది కూడా మనిషే. అక్కడ పది మిల్లీమీటర్లు ఎక్కువ పెడితే, అది ఒక్క ఆపరేటర్ ఒక్క షిఫ్టులో చేసే పొరపాటుగా ఉండదు, ఎవరైనా సెట్టింగ్ మార్చేదాకా ప్రతి పలకలోనూ జరుగుతూనే ఉంటుంది.