ఖాళీగా ఉన్నావుగా!

నేను ఖాళీగా ఉంటానన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు. మా బంధువర్గం ఏకగ్రీవంగా తీర్మానించి చెప్పాకే తెలిసింది.

చేతిలో రెండు సూదులు, ఒళ్ళో ఊలు ఉండ కనిపిస్తే చాలు, చూసినవాళ్ళ నోట్లోంచి ఆ మాట తుమ్ములా వచ్చేస్తుంది. "ఖాళీగా ఉన్నావుగా, నాకూ ఒకటి చేసిపెట్టు." అదే నేను ఫోన్ పట్టుకుని బొటనవేలితో తెర పైకి తోసుకుంటూ మూడు గంటలు కూర్చుంటే ఎవ్వరూ ఏమీ అనరు. పాపం ఏదో పనిలో ఉందనుకుని తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్తారు.

అంతమంది పెద్దవాళ్ళు ఒకే మాట అంటున్నప్పుడు కొట్టిపారేయడం మర్యాద కాదు. అందుకని నా ఖాళీ ఎంతుందో కొలిచి చూశాను. ఈ మధ్య అల్లిన స్వెటర్‌నే తీసుకున్నాను. పది సెంటీమీటర్ల వెడల్పుకి 22 కుట్లు, అంతే ఎత్తుకి 28 వరసలు పట్టే ఊలు. ముందు భాగం 110 కుట్లు, 168 వరసలు. గుణిస్తే 18,480. వెనక భాగం ఇంకో 18,480. చేతులు మణికట్టు దగ్గర సన్నగా మొదలై పైకి వెడల్పవుతాయి కాబట్టి సగటున 77 కుట్లు, 126 వరసలు వేసుకుంటే ఒక్కో చెయ్యి 9,702. మెడపట్టీ అల్లడం, ముక్కలన్నీ కలిపి కుట్టడం ప్రేమ ఖాతాలో రాసేసినా మొత్తం 56,364 కుట్లు. నిమిషానికి ముప్ఫై చొప్పున, మధ్యలో ఎవరూ పిలవకపోతే, 31 గంటల పైచిలుకు. 'మధ్యలో ఎవరూ పిలవకపోతే' అన్న భాగం పూర్తిగా కల్పితం.

ఎందుకంటే పిలుస్తారు. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది... "గీజర్ ఆపావా?" ఆపాను. నలభై... ఎంత? మళ్ళీ ఒకటి నుంచి. ఆ తత్తరపాటులో ఒక కుట్టు సూది మీంచి జారిందా, అది అక్కడితో ఆగదు. తన కింద కుట్టుని, దాని కింద కుట్టుని విడిపించుకుంటూ నిచ్చెన దిగినట్టు దిగిపోతుంది. ఇరవై వరసల కింద దాన్ని పట్టుకుని, క్రోషే సూది దూర్చి, ఒక్కో మెట్టు పోగునీ ఆ ఉచ్చులోంచి లాగుతూ మళ్ళీ పైదాకా ఎక్కించాలి. ఊపిరి బిగబట్టి చేసే పని అది. సరిగ్గా ఆ సమయానికే ఎవరో వచ్చి పక్కన కూర్చుని, ప్రశాంతంగా చూసి, "ఇది చేస్తుంటే మంచి రిలాక్సింగ్‌గా ఉంటుందటగా?" అంటారు.

సరే, పూర్తయింది. ఇచ్చాం. పుచ్చుకునే తంతు ఒకటుంది, అది చూసి తీరాలి.

ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తారు. తర్వాత తిరగేస్తారు. మెడ లోపల లేబుల్ కోసం వెతుకుతారు. ఇది చేత్తో అల్లిందని అప్పటికి మూడుసార్లు చెప్పి ఉంటాం, అయినా వెతుకుతారు. లేబుల్ దొరకదు. ముఖంలో చిన్న అనుమానం. "నువ్వే చేశావా?" నేనే. "మొత్తం నువ్వే?" మొత్తం నేనే. "ఊలు ఎంతయింది?" చెప్తాం. "అంతేనా!" అక్కడికి దాని ఖరీదు తేలిపోతుంది. ఊలుది మాత్రమే లెక్క. ఆ 31 గంటలు మన చెట్టుకి కాసినవే కదా. ఆఖరున స్వెటర్‌ని చేతి దూరంలో పట్టుకుని, తల పక్కకి వాల్చి, తమ నిఘంటువులో ఉన్న అతిపెద్ద పొగడ్త తీసి మన మెడలో వేస్తారు:

"అచ్చం కొన్నట్టే ఉంది!"

1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. చేతి అల్లిక ఎలా ఉంటుందో అలాగే రావాలని ఆ యంత్రం నానా తంటాలూ పడింది. నాలుగు వందల ఏళ్ళు దాటాక ఇప్పుడు నా చేతి అల్లికకి, యంత్రం అల్లినట్టుందని మార్కులు పడుతున్నాయి. లీ గారు ఎక్కడున్నా గర్వపడాలి.

కాగితం పని చేసేవాళ్ళ గతి ఇంకో రకం. కాగితం ఇంట్లోనే పడుంటుంది కాబట్టి దానికి ఊలుకిచ్చే ఆ కాస్త గౌరవం కూడా దక్కదు. వెయ్యి కాగితం కొంగలు మడిచి దండ గుచ్చితే మడిచినవాళ్ళ కోరిక తీరుతుందని జపాన్‌లో ఒక నమ్మకం ఉంది. మా వాళ్ళింట్లో ఫంక్షన్‌కి గోడ మీద వేలాడదీయడానికి సరిగ్గా వెయ్యి కొంగలు కావాలన్నారు. "మడతలే కదా, ఖాళీగా ఉన్నావుగా." కొంగకి మూడు నిమిషాలు, వెయ్యింటికి యాభై గంటలు. మడిచాను. మా దగ్గర కోరిక తీరింది ఆర్డరిచ్చినవాళ్ళది. ఫంక్షన్ మర్నాడు పొద్దున్న చీపురు ముందు ఆ కొంగలు గుంపుగా వలస వెళ్తుంటే చూశాను.

క్విల్లింగ్ గ్రీటింగ్ కార్డు కథ చెప్పనే కూడదు, కానీ చెప్తాను. మూడు మిల్లీమీటర్ల వెడల్పు కాగితం పట్టీని సన్నటి పుల్లకి చుట్టి, వదిలి, అది ఎంత వదులవ్వాలో అంతే వదులయ్యాక ఒక పక్క గోటితో నొక్కితే కన్నీటిచుక్క ఆకారంలో ఒక రేకు వస్తుంది. అలాంటివి నూటపాతిక రేకులు. ఒక్కో దాని అంచుకి గుండుసూది మొనతో జిగురు. ఎక్కువైతే మరక, తక్కువైతే ఊడుతుంది. పుట్టినరోజుకి ఇచ్చాను. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టారు, సంతోషం. ఆ సాయంత్రమే నా కళ్ళెదుట, చేతికి దగ్గరగా ఉంది, అట్ట గట్టిగా ఉంది అన్న రెండే కారణాలతో, దాంతో దోమను కొట్టారు. దోమ చావలేదు.

ఇంతకీ ఆ 56,364 కుట్ల స్వెటర్ ఏమైందో చెప్పలేదు. మా బాబాయి కొడుక్కి ఇచ్చాను. ఎలా ఉతకాలో ఒక చీటీ కూడా రాసి పిన్ను పెట్టాను: చల్లటి నీళ్ళు, చేత్తో, పిండకూడదు, పరిచి ఆరబెట్టాలి. మరీ మందుల చీటీలా ఉంటుందని దాని చుట్టూ క్విల్లింగ్ తీగ ఒకటి వేశాను. చీటీ వాడికి ఎంత నచ్చిందంటే ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాడు. చదవలేదు. స్వెటర్‌ని జీన్స్ ప్యాంట్లతో కలిపి వేడినీళ్ళలో వాషింగ్ మెషిన్‌కి వేశాడు.

ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, కంటికి కనపడవు. వేడినీళ్ళు, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే పోగులు దగ్గరికి జరిగి, ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. మెషిన్‌లోంచి బయటికొచ్చింది ఏడాది పిల్లాడికి సరిపోయే, అట్టలా బిగుసుకుపోయిన ఒక వస్తువు. వాడు దాన్ని కవర్లో పెట్టి పట్టుకొచ్చి, పాపం తప్పంతా స్వెటర్‌దే అన్నట్టు మొహం పెట్టి, "అక్కా, చిన్నదైపోయింది. ఖాళీగానే ఉన్నావుగా, కొంచెం పెద్దది చేసిపెడతావా?" అన్నాడు.

అల్లికలో ఎంత పెద్ద తప్పైనా విప్పుకుని మళ్ళీ మొదలెట్టొచ్చు. ఇది విప్పడానికి రాదు. కొస పట్టుకుని లాగితే ఊలు తెగుతుందే గానీ జారదు. అది చెప్తే, "అయ్యో, టైమ్‌పాస్‌కేగా అల్లావు" అని నన్ను ఓదార్చాడు.

ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. మా పెద్దమ్మ పోయిన రోజున.

పెద్దమ్మ కుడిచేతి చూపుడువేలి కొస కాయ కాసి ఉండేది. సూది మొనని ఆ వేలితోనే వెనక్కి నెట్టేది. మా ఇంట్లో పుట్టిన ప్రతి పసిబిడ్డ తలకీ మొదటి టోపీ ఆవిడ అల్లిందే. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు సర్దాక, పక్కలు వేశాక, దీపం ఇంకొకరి కళ్ళలో పడకుండా గోడ వైపు తిరిగి కూర్చుని అల్లేది. ఆ టోపీలు పెట్టుకుని పెరిగిన గాడిదలే ఆ రోజు వరండాలో కుర్చీలు వేసుకుని, "పాపం పెద్దమ్మ, టైమ్‌పాస్‌కి ఏదో ఒకటి అల్లుకుంటూ ఉండేది" అన్నారు. ఏదో ఒకటా? ఎవడి టైమ్ రా పాస్ అయింది? మీ గంటకి జీతం ఉంది కాబట్టి అది డ్యూటీ. ఆవిడ గంటకి ఎవడూ రూపాయి ఇవ్వలేదు కాబట్టి అది ఖాళీ. రోజులో ఆవిడకంటూ మిగిలింది ఆ ఒక్క గంట. అది కూడా తీసుకుని మీ నెత్తిన పెట్టింది, అక్షరాలా. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ టోపీ దాచుకున్నాడా? అడిగాను. "ఏమో, ఎక్కడో ఉండాలి" అన్నారు. ఎక్కడో కాదు. స్కూటర్ తుడిచారు దాంతో. నేను చూశాను.

సరే. కోపం తెచ్చుకుంటే కుట్లు బిగుసుకుంటాయి, కొలత తప్పుతుంది.

అట్ట కట్టిన ఊలుకి ఒక మంచి గుణం ఉంది. కత్తెర పెట్టినా అంచులు ఊడవు, వేడికి తట్టుకుంటుంది. తమ్ముడి స్వెటర్ ముందు భాగం పరిచి, గ్లాసు బోర్లించి గీసి, గుండ్రంగా ఆరు ముక్కలు కత్తిరించాను. అంచులకి పసుపు ఊలుతో కుట్టు వేశాను. టీ కప్పుల కిందకి దివ్యంగా ఉన్నాయి.

పోయిన వారం తమ్ముడు వచ్చాడు. టీ ఇచ్చాను. కప్పు ఎత్తి, కిందున్నది తీసి, అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, తిరగేశాడు. లేబుల్ లేదు.

"అక్కా, ఇవి భలే ఉన్నాయే. ఎక్కడ కొన్నావు?"

"నేనే చేశాను."

"అచ్చం కొన్నట్టే ఉన్నాయి! ఖాళీగానే ఉన్నావుగా, నాకూ ఓ రెండు చేసిపెట్టు."

"దానికేం, చేస్తాను. నీ ఎడమ చెయ్యి ఇంకా కత్తిరించలేదు" అన్నాను.