నెల తప్పినంక మొదలుపెడితే ఆలస్యమే

"గర్భం నిర్ధారణ కాగానే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి" అని మీ వ్యాసంలో రాసిన్రు (ఫోలిక్ యాసిడ్ అంటే ఫోలేట్ అనే బి విటమిన్‌ను గోళీగా ఇచ్చే రూపం). నాకు అక్కడే అభ్యంతరం. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలె. అంటే నెల తప్పిన రెండు వారాలకే. అది సరిగ్గ మూసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ అప్పటికే ఒంట్ల ఉండాలె. మా హన్మకొండల ఇంకో వారం చూద్దామని ఆగి, మంచిరోజు చూసుకొని దవాఖానకు పోయేసరికి ఆ గడువు దాటిపోతది.

మా వదినకు అట్లనే అయింది. ఐదో నెల స్కానింగ్‌ల బిడ్డ వెన్ను మూసుకోలేదని తేలింది. రెండోసారి డాక్టరమ్మ గర్భానికి మూడు నెలల ముందు నుంచే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ గోళీ రాసింది. మేనల్లుడు ఇప్పుడు బడికి పోతున్నడు. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, పెద్ద డోసు ఇట్లాంటి కాన్పు ముందు అయినోళ్లకు. వాళ్లకు మళ్లీ అదే జరిగే ముప్పు 72 శాతం తగ్గుతదని బ్రిటన్‌ వైద్య పరిశోధన మండలి (ఎంఆర్‌సీ) పరిశోధన 1991లనే చూపింది.

ఫోలేట్ ఉండే పాలకూర, పెసర్లు మంచివే. కానీ ఆకుకూరను మెత్తగ ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే ఫోలేట్ చానా వరకు ఆ నీళ్లతోనే పోతది (మా అమ్మకు చెప్పి చెప్పి అలసిపోయిన).

దయచేసి ఆ వాక్యం మార్చి "పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే" అని రాయండి.