కామెరాన్ బతికింది మాత్రలతో

పొద్దున్నుంచి నాలుగు గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్. ఆకుపచ్చ గౌనులో ఒక జడ్జి ఫోటో, కింద "మనోధైర్యంతో ఎయిడ్స్‌ని జయించిన మహానుభావుడు" అని రాసి రెండు దణ్ణాలు. దానికి ఒక పెద్దమనిషి జవాబు: "మంచి తిండి, పాజిటివ్ థింకింగ్ ఉంటే ఏ రోగమూ ఏమీ చెయ్యదు." చదివితే ఒళ్ళు మండిపోయింది.

ఆ జడ్జి ఎడ్విన్ కామెరాన్. 2009 నుంచి 2019 దాకా దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలో కూర్చున్నాడు. హెచ్‌ఐవీ ఉందని ఆయనకు 1986లో తెలిసింది. మనోధైర్యమే మందయితే ఆయనకు జబ్బు ముదరనే కూడదు. వర్ణవివక్ష ప్రభుత్వంతో కోర్టుల్లో తలపడిన లాయరు, మండేలా నియమించిన జడ్జి, ధైర్యానికేం తక్కువ? అయినా 1997లో ఎయిడ్స్ కమ్ముకొచ్చి మెట్లెక్కడమే గగనమైంది. ఆ ఏడాది చివర్లో హెచ్‌ఐవీని అణచిపెట్టే ఏఆర్‌వీ మందులు మొదలుపెట్టాకే లేచి తిరిగాడు.

ఈ సంగతి దాచిపెట్టలేదు కూడా. 2000 జూలైలో డర్బన్‌లో (మన తెలుగు జిల్లాల నుంచి చెరకు తోటలకు వెళ్ళిన కూలీల మునిమనవలున్న ఊరే) అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో నిలబడి లెక్క చెప్పాడు. తన మందులకు నెలకు దాదాపు 400 డాలర్లు. ఆఫ్రికాలో రోజుకు ఒక్క డాలరు కూడా లేనివాళ్ళు 29 కోట్ల మంది. డబ్బు పెట్టి ప్రాణం కొనుక్కోగలిగాను కాబట్టే మీ ముందున్నానని అన్నాడు. ఆ మనిషి ఫోటో కింద మనోధైర్యం అని రాయడానికి చెయ్యెలా వచ్చింది?

మంచి తిండి మాటంటారా? సరిగ్గా ఆ మాటే ఆ దేశాన్ని వల్లకాడు చేసింది. అప్పటి అధ్యక్షుడు ఎంబెకీకి ఎయిడ్స్ హెచ్‌ఐవీ వైరస్‌తోనే వస్తుందా అని అనుమానం. ఆయన ఆరోగ్యమంత్రి బీట్‌రూట్, వెల్లుల్లి, నిమ్మకాయ తినమని ఊరూరా చెప్పింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే మందు మాత్రం చేతికందేలా ఉంది. కాన్పు సమయంలో తల్లికి 200 మిల్లీగ్రాముల నెవిరపిన్ అనే ఏఆర్‌వీ మాత్ర ఒక్కటి, పుట్టిన 72 గంటల్లో బిడ్డకు ఒక్క డోసు చుక్కల మందు. ఇంతే, బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది. తయారుచేసే కంపెనీ ఐదేళ్ళు ఉచితంగా ఇస్తామన్నా ప్రభుత్వం ఆ మందును రాష్ట్రానికి రెండేసి చోట్లకే కట్టిపడేసింది. 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప కదల్లేదు. ఇలా ఏఆర్‌వీ మందులన్నీ జనానికి సకాలంలో ఇవ్వనందుకు 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. దణ్ణాలు పెట్టేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి చదవండి.

ధర దించింది మన దేశపు మందులే. 2001లో ముంబై సిప్లా మూడు మందుల కోర్సును ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, అరబిందో కూడా ప్రపంచానికి పంపాయి. అంత దగ్గర్లో మందు తయారవుతుంటే మన ఊళ్ళలో ఇంకా ఆకు పసరు కోసం మాత్రలు ఆపేవాళ్ళున్నారు. ఆపితే ఏమవుతుందో వినండి. అణిగి ఉన్న వైరస్ కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది. రోజు మార్చి రోజు వేసుకుంటే ఇంకా ప్రమాదం, అరకొర మందులో బతికిన వైరస్ ఆ మందుకే లొంగకుండా మారుతుంది. మూడు మందులు కలిపి ఇచ్చేది అందుకే. ఇప్పుడు ఏఆర్టీ (ఏఆర్‌వీ మందులతో చేసే చికిత్స) సెంటర్లలో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ అనే మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటే మాత్ర. గ్యాస్ సిరప్‌తో కలిపి మింగితే డొలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు, సిరప్‌కు 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే 12 గంటలకు ఇంకో 50 అదనంగా కావాలి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇలా పద్ధతిగా వాడి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలిస్తే, లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ ఒక్క ముక్క గ్రూపులో పెట్టి ఉంటే ఎన్ని ఇళ్ళలో భయం పోయేదో!

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది వేరే. ఆ ఫార్వర్డ్‌లో "గే" అన్న మాటే లేదు. నలుగురికీ తెలిసేలా గేగా బతికిన మనిషిని మండేలా జడ్జిని చేశాడు. లైంగికత పేరుతో వివక్ష కూడదని ఆ దేశ రాజ్యాంగంలో చేర్చడానికి పాటుపడినవాళ్ళలో ఈయన ఒకడు. 2004లో ఫూరీ కేసులో స్వలింగ జంటల పెళ్ళికి దారి తెరిచిన తీర్పు రాసిందీ ఈయనే. అదంతా కోసేసి పక్కన పెడితే మిగిలేది ఎవరు?

మనదగ్గర లాయరు సౌరభ్ కిర్పాల్ పేరును జడ్జి పదవికి ఢిల్లీ హైకోర్టు 2017లో పంపింది. 2021లో జడ్జీల పేర్లు ఎంచే సుప్రీంకోర్టు కొలీజియం సిఫారసు చేసింది, కేంద్రం తిప్పి పంపింది. తాను గే అని దాచుకోకపోవడం ఆయనకు గౌరవమేనని రాసి 2023 జనవరిలో కొలీజియం మళ్ళీ పంపింది. 2023 పోయింది, 2024 పోయింది, నియామకం రాలేదు. వేరే దేశపు జడ్జికి దణ్ణాలు పెట్టే గ్రూపుల్లో ఈ ఫైలు గురించి ఒక్కరూ అడగరు.

ఆ ఫోటో మళ్ళీ పంపాలనిపిస్తే మనోధైర్యం తీసేసి ఏఆర్టీ అని రాయండి, కోసేసిన "గే"ని తిరిగి పెట్టండి. కింద 1097 వెయ్యండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైను, ఫోనుకు డబ్బులు పడవు.