గేటు లేస్తుందా లేదా, ముందు అది చెప్పండి

వానాకాలం ముదిరిందంటే కడెం ప్రాజెక్టు చుట్టూ రెండు రకాల జనం ఉంటారు. గేట్లు ఎత్తితే చూద్దామని పిల్లాపాపలతో బండ్లేసుకుని వచ్చేవాళ్లు కొందరు. గేట్లు లేవకపోతే మా గతేంటని కట్ట కింది ఊళ్లలో రాత్రంతా ఫోన్లు చేసుకుంటూ కూర్చునేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ చూసేది అవే గేట్లను. వాటి సంగతి మాత్రం ఇద్దరికీ ఎవరూ సరిగ్గా చెప్పరు.

2022 జులైలో ఏం జరిగిందో నిర్మల్ జిల్లావాళ్లకు మేము గుర్తుచేయనక్కర్లేదు. 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి మొరాయించింది. పైనుంచి వచ్చిపడింది ఐదు లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు), కిందికి వదలగలిగింది మూడు లక్షల చిల్లర. నీళ్లు గేట్ల మీది నుంచి దూకాయి, అడవిలోంచి కొట్టుకొచ్చిన మొద్దులు గేట్లకు అడ్డంపడ్డాయి, కింది ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. చివరికి ఎడమ కాల్వ వైపు గండిపడి కొంత వరద అటు మళ్లింది, కట్ట నిలిచింది. దేవుడి దయ అన్నారు చాలామంది. సరే, దేవుడు ఒకసారి దయ తలిచాడు. ఏడాది తిరిగి 2023 జులై 27న నాలుగు లక్షల క్యూసెక్కులకు దగ్గరగా వరద వచ్చేసరికి ఈసారి లేవని గేట్లు నాలుగు. ఒకటి కాస్తా నాలుగైంది, అదీ ఏడాది పాటు అందరి కళ్లూ ఆ ప్రాజెక్టు మీదే ఉన్న తర్వాత!

ఒక్క గేటు లేవకపోతే కొంపలేం మునుగుతాయి అనుకునేవాళ్ల కోసం చిన్న లెక్క. గంటపాటు ఐదు లక్షల క్యూసెక్కులు వస్తే అది 1.8 టీఎంసీలు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కడెం కట్టినప్పటి నిల్వ సామర్థ్యమే 7.6 టీఎంసీలు, అందులో పూడిక తిన్నది తినగా మిగిలింది ఇంకా తక్కువ. అంటే రిజర్వాయర్ పూర్తిగా ఖాళీగా ఉన్నా నాలుగు గంటల్లో నిండిపోతుంది. శ్రీరాంసాగర్‌లాగా వరదను కడుపులో దాచుకునే డ్యాం కాదిది, వచ్చినదాన్ని వచ్చినట్టే వదలాల్సిన డ్యాం. పైన బోథ్, నేరడిగొండ అడవుల్లో కుండపోత కురిస్తే ఆ నీరు గుట్టలు దిగి చూస్తుండగానే వచ్చేస్తుంది. ఆ సమయంలో ఒక్కో గేటు అంటే పదహారు పదిహేడు వేల క్యూసెక్కులు పోయే దారి. నాలుగు మొరాయిస్తే అరవై వేలకు పైగా నీళ్లకు దారి మూసినట్టే.

ఇది కడెం నదికి కొత్తేం కాదు కూడా. 1958లో పనులు అయ్యీ కాకముందే వరద కట్ట మీది నుంచి పొర్లి ఎడమవైపు తెగ్గొట్టింది, అప్పుడూ వచ్చింది ఐదు లక్షల క్యూసెక్కుల పైమాటే. ఆ దెబ్బకే తర్వాత గేట్లను రెట్టింపు చేసి 18కి పెంచారు. తొమ్మిది చాలవని ప్రాణం మీదికి వచ్చాక తెలుసుకుని ఇంకో తొమ్మిది పెట్టుకున్నాం, పెట్టుకున్నవి లేస్తున్నాయో లేదో చూసుకోవడం మాత్రం మరిచిపోయాం.

గేటు ఎందుకు లేవదు? ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. ఇనుప రోప్‌కు గ్రీజు లేక ఎండిపోయి పోగులు లేస్తుంది, బరువును సమం చేసే కౌంటర్ వెయిట్ ఊడిపోతుంది, మోటారు తడిసి కాలిపోతుంది, కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది గానీ అందులో డీజిల్ ఉండదు. వీటన్నిటినీ చూసుకోవాల్సినవాళ్లు లష్కర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు. పాతవాళ్లు రిటైరయ్యారు, కొత్త నియామకాలు అంతంతమాత్రం, ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకు జీతం నెలనెలా వస్తే గొప్ప. అర్ధరాత్రి, హోరువానలో, కింద డ్యాం వణుకుతుంటే గేట్ల వంతెన మీదికి నడిచి వెళ్లి స్విచ్ నొక్కాల్సింది ఆ మనిషే. వీడియో కాన్ఫరెన్స్‌లో సమీక్షించే పెద్దసార్లు కాదు. కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనకు వేల కోట్లు దొరుకుతాయి, పాత ప్రాజెక్టు గ్రీజు డబ్బాకు ఫైలు మూడు టేబుళ్లు తిరగాలి. గ్రీజుకు శిలాఫలకం ఉండదు కదా మరి.

కడెంలో 2023 తర్వాత మరమ్మతులు చేశారు, కాదనం. కానీ ఇది ఒక్క కడెం జబ్బు కాదు. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, మరుసటి ఏడాది ఇంకోటి పోయాయి, రైతులు పంటకు దాచుకున్న నీళ్లు సముద్రం పాలయ్యాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగితే రాయలసీమ, కర్ణాటక రైతులకు వారం రోజులు నిద్ర లేదు. వీటిలో ప్రాణాలు పోలేదు కాబట్టి మరిచిపోయాం. అన్నమయ్య ప్రాజెక్టును మరవడం అంత తేలిక కాదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున, అయిదు గేట్లలో ఒకటి పనిచేయని ఆ ప్రాజెక్టు మట్టికట్ట చెయ్యేరు వరదకు తెగిపోతే పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. పదుల సంఖ్యలో జనం పోయారు. అక్కడ ఊళ్లను మేల్కొలపడానికి నమ్మదగ్గ హెచ్చరిక ఏర్పాటే లేదు, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లు గుట్టెక్కారు.

ఇప్పుడు రెండో సంగతి, పర్యాటకం. కడెంలో బోటింగ్ ఉంది, పర్యాటక శాఖ గెస్ట్‌హౌస్ ఉంది, కవ్వాల్ అడవి పక్కనే ఉంది. ఆదివారం వస్తే మంచిర్యాల, నిజామాబాద్, హైదరాబాద్ నంబర్ల బండ్లు కనిపిస్తాయి. దీన్ని మేము తప్పుపట్టడం లేదు. చేపలు వేయించి అమ్మే ఆడవాళ్లకు, టీ కొట్టువాళ్లకు, బోటు నడిపే కుర్రాళ్లకు అది నాలుగు రాళ్లు తెస్తోంది, వ్యవసాయం తప్ప ఇంకో దారిలేని మండలాల్లో అది చిన్న విషయం కాదు. ఇదే నది మీద పైన కుంటాల జలపాతం, అక్కడికీ జనం విరగబడి వస్తారు, అక్కడా మునిగిపోయినవాళ్లు తక్కువేం కాదు.

మా అభ్యంతరం వేరు. డ్యాం కింది గుండాల్లో నీళ్లు మోకాళ్ల లోతున నిలబడి ఉంటే పిల్లలు దిగుతారు, రాళ్ల మీద కూర్చుని ఫొటోలు దిగుతారు, వలలు వేసేవాళ్లు గేట్ల కిందికే వస్తారు. పైన గేటు ఎత్తుతున్నారని వాళ్లకు చెప్పేదెవరు? 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో ఇలాగే రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. రాష్ట్రమంతా ఏడ్చింది. హిమాచల్ ప్రభుత్వాన్ని తిట్టిపోశాం. మన డ్యాంల దగ్గర సైరన్ మోగుతోందా అని మాత్రం చూసుకోలేదు. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో అయిదుగురు కుర్రాళ్లు మునిగిపోయారు. అక్కడ గేటు తప్పేం లేదు, అంచు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుందని కొత్తగా వచ్చినవాడికి తెలియదు, అంతే.

ప్రతి ప్రమాదం తర్వాత మన ప్రభుత్వాలకు వచ్చే ఐడియా ఒక్కటే, బోర్డు పాతడం. ‘ప్రమాదం, లోతు ఎక్కువ, దిగరాదు.’ రెండేళ్లకు అది తుప్పుపడుతుంది, దానికే టవల్ ఆరేసి దిగుతారు. గజ ఈతగాళ్లు మనకు శవాలు తీయడానికి మాత్రమే గుర్తొస్తారు. సెలవురోజుల్లో వాళ్లనే రోజు కూలీకి ఒడ్డున నిలబెడితే శవం తీసే పని తప్పుతుంది కదా? బోటు టికెట్ డబ్బులు పర్యాటక శాఖకు, గేట్ల బాధ్యత నీటిపారుదల శాఖకు, గుంపును ఆపడం పోలీసులకు, చెత్త ఎత్తడం పంచాయతీకి. ఇన్ని శాఖలున్న చోట మునిగేవాడికి చెయ్యి అందించే శాఖే లేదు. టికెట్ డబ్బుల్లో కొంత అక్కడే, ఆ ఒడ్డు మీదే ఖర్చు పెట్టాలని జీవో ఇవ్వడానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు.

సైరన్ గురించి ఇంకో మాట. అధికారులు ట్రయల్ వేస్తే మంగళవారం మధ్యాహ్నం వేస్తారు, వినేవాడు ఉండడు. ఆదివారం సాయంత్రం, ఒడ్డు మీద జనం ఉన్నప్పుడు మోగించండి. ఎంతమంది గట్టెక్కుతారో, ఎంతమంది అదేం చప్పుడని ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడతారో అప్పుడు తెలుస్తుంది. కింది ఊళ్లలో మాత్రం సైరన్ ఒక్కటే సరిపోదు, రాత్రిపూట డప్పు చాటింపు, గుడి మైకు, మసీదు మైకు అన్నీ కావాలి. ఏ ఊరు ఏ బడికి పోవాలో వర్షాలకు ముందే ఇంటింటికీ చెప్పి ఉండాలి.

చట్టం లేదనే సాకు కూడా లేదిప్పుడు. 2021లో డ్యాం భద్రతా చట్టం వచ్చింది. ఏటా వర్షాలకు ముందు, తర్వాత తనిఖీ చేయాలంది. పాత డ్యాంలన్నిటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక అయిదేళ్లలో తయారు చేయాలంది. చట్టం అమల్లోకి వచ్చింది 2021 డిసెంబర్ 30న, వేళ్ల మీద లెక్కపెట్టినా గడువు 2026 డిసెంబర్ నెలాఖరే. కాబట్టి రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖలనూ సూటిగా అడుగుతున్నాం. కడెం సహా మీ పెద్ద, మధ్యతరహా డ్యాంలలో ఎన్నింటికి ఆ ప్రణాళిక సిద్ధమైంది? గత వర్షాలకు ముందు చేసిన తనిఖీలో ఏ గేటుకు ఏం రోగం రాశారు, దానికి ఎంత డబ్బు విడుదలైంది? ఆ కాగితం తెలుగులో, కట్ట కింది ఏ పంచాయతీ ఆఫీసు గోడకు అతికించారు? జవాబు పంపితే ఇదే పేజీలో, ఇదే చోట, ఒక్క ముక్క కత్తిరించకుండా అచ్చేస్తాం.