మహారాజశ్రీ ఎక్స్‌ట్రా గారికి

మహారాజశ్రీ ఎక్స్‌ట్రా గారి దివ్య సముఖానికి,

రాయగడ నుంచి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగా, కొండల మీద బిల్లుల్లో బాగా బలిసి ఉన్నారని నిన్న రాత్రి మా బావ చేసిన ఫోన్ల వల్ల తెలిసింది.

విషయమేమిటంటే, ఈ ఫిబ్రవరిలో, కాళ్లకి బద్దలు తగిలించుకుని మంచు మీద జారే స్కీయింగ్‌కి పోదామని మా ఇంట్లో తీర్మానం అయ్యింది. ఇంతవరకూ మేం మంచు చూసింది ఐస్‌గోలా బండి మీదే. పేరున్న పెద్ద ఊళ్లు వద్దు, కొండల్లో చిన్న ఊరైతే చవగ్గా తెములుతుందని బావ లెక్క. మా అమ్మాయి 200 పేజీల లాంగ్ నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో గళ్లు గీసింది. రైలు, బస్సు, గది, తిండి, స్కీలు. ఆరో గడి గీయబోతుంటే "చాల్లేవే, ఇంకేముంటాయి?" అన్నాను. తమరిని మరిచాను. క్షమించాలి.

మొదటి ఫోను మనాలి దగ్గర సోలాంగ్ వైపు ఒక ట్రావెల్స్ వాడికి. ప్యాకేజీ రేటు వినగానే బావ నాకు కన్ను కొట్టాడు. ఆ తర్వాత తన హిందీలో (అందులో మూడొంతులు ఒడియానే లెండి) ఒక్కొక్కటీ అడగడం మొదలెట్టాడు. స్కీలు ఇస్తారా? ఇస్తాం. బూట్లు? ఎక్స్‌ట్రా. స్కీ బూటు గట్టిగా చెక్కలా ఉంటుంది, అది స్కీ మీది క్లిప్పులో టక్కున పడితేనే కాలు నిలుస్తుంది. అది లేకుండా స్కీలు ఒక్కటే ఇస్తే ఏం చేసుకోమని? చెప్పులకి సుతిలి తాడుతో కట్టుకోమనా? నేర్పేవాడు? ఎక్స్‌ట్రా. జాకెట్టు, ప్యాంటు? దారిలో అద్దె దుకాణాలుంటాయి, అక్కడ తీసుకోండి. గదిలో హీటరు? ఎక్స్‌ట్రా. వేడినీళ్లు? పొద్దున ఒక బకెట్టు ఫ్రీ, రెండోదానికి మళ్లీ తమరే. మేం ఆరుగురం. మా అమ్మాయి రాయడానికి గళ్లు చాలక మార్జిన్‌లోకి వెళ్లింది, అక్కణ్ణుంచి అట్ట వెనక్కి వెళ్లింది. అట్ట మీద ఎక్కాలు ఉన్నాయి కాబట్టి ఆగింది.

కాశ్మీరులో గుల్మర్గ్ సంగతి పొడుగ్గా చెప్పను. అక్కడ కేబుల్ కారే రెండు అంచెలు, రెండింటికీ విడివిడిగా టికెట్టు. మంచు పడితే కింద తంగ్‌మర్గ్ నుంచి పైకి టైర్లకి గొలుసులు కట్టిన బండి మాట్లాడుకోవాలట. గొలుసులకి ఎంతో అడగొద్దని బావకి సైగ చేశాను.

అసలు మీకూ మాకూ పాత చుట్టరికమే ఉందండీ. మా ఊరి సంతలో మీ పేరు కొసరు. కొండ దిగి వచ్చే ఆడవాళ్లు టమాటాలు కుప్పలు పోసి అమ్ముతారు. బేరం అయ్యాక, మనం అడగకముందే నాలుగు పచ్చిమిరపకాయలు తీసి సంచిలో పడేస్తారు. దానికి లెక్క లేదు. టిఫిన్ బండి దగ్గర సాంబారు ఇంకొంచెం అంటే గరిటె నిండా పోస్తారు. అదీ మీరే. అలాంటి తమరు కొండెక్కేసరికి సూటు కుట్టించుకుని చెయ్యి చాపడమేమిటి? మా అమ్మకైతే ఈ పద్ధతి బొత్తిగా అర్థం కాలేదు. "బూటు లేకుండా స్కీలిస్తే, గుండీలు లేకుండా చొక్కా ఇచ్చినట్టు కాదట్రా?" అంది.

దారి చూపించింది కూడా అమ్మే. ఉత్తరాఖండ్‌లో ఔలి ఉంది, బదరీనాథ్ దారిలో, జోషీమఠ్‌కి పైన. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసేస్తారు, ఆది శంకరుల గద్దె కిందికి దిగి జోషీమఠ్ నృసింహ మందిరానికి వస్తుంది. "అంటే మన అప్పన్నే" అని సింహాచలం వైపు దండం పెట్టింది. దాంతో ట్రిప్పులో సగం ఖర్చు పుణ్యం ఖాతాలో పడింది. ఇంకో సంగతి, తమరికి నచ్చదు. అక్కడ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అనే సర్కారు సంస్థ 7 రోజులు, 14 రోజుల స్కీ కోర్సులు నడుపుతుంది. గది, భోజనం, స్కీలు, బూట్లు, నేర్పే మాస్టారు, అన్నీ ఒక్క ఫీజులోనే. ఆ మాట విని మా అమ్మాయి కొత్త పేజీ తిప్పి ఒకే ఒక్క గడి గీసింది. నోటుబుక్కు చూడముచ్చటగా ఉంది.

అయినా మిమ్మల్ని పూర్తిగా ఓడించామని అనుకోవడం లేదు. జోషీమఠ్ నుంచి ఔలికి 4 కిలోమీటర్ల రోప్‌వే ఉండేది, 2023 జనవరిలో ఊళ్లో ఇళ్లు బీటలు వారాక ఆపేశారు. కాబట్టి ఘాట్ రోడ్డు, టాక్సీ, మళ్లీ మీరు. అసలు చిక్కు మంచుతో. రైలు టికెట్టు 60 రోజుల ముందు తీయాలి. ఇక్కడి నుంచి సమతా ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బెర్తు ఆ రోజు పొద్దున ఎనిమిదికి పట్టకపోతే వెయిటింగ్ లిస్టే. మంచు మాత్రం ముందు రోజు దాకా ఏమీ చెప్పదు. 2025 ఫిబ్రవరిలో గుల్మర్గ్‌లో మంచు లేక సర్కారువారి ఖేలో ఇండియా శీతాకాల పోటీలనే మార్చికి జరిపారు. సర్కారుకే చెప్పా పెట్టకుండా ఎగ్గొట్టిన మంచు, రాయగడ నుంచి ఆరుగురు వస్తున్నారని పడుతుందా? ఎక్స్‌ట్రా ఇస్తామన్నా పడదు. తమరి పలుకుబడి పనిచేయని చోటు అదొక్కటే అనుకుంటా.

ఈలోగా మా బావ సాధన మొదలెట్టాడు. రెండు వెదురు బద్దలు చీల్చి, సైకిల్ ట్యూబు ముక్కలతో కాళ్లకి బిగించుకుని, ఇంటి వెనక ఎర్రమట్టి దిబ్బ మీద నిలబడ్డాడు. ఆగాలంటే ముందు కొసలు దగ్గరికి తెచ్చి మడమలు ఎడం చేయాలని ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. కొసలు దగ్గరికి వచ్చాయి. మడమలు ఎడం కాలేదు. చొక్కా ఉతికినా మట్టి మరక పోలేదని అక్క గోల.

ఉంటానండీ.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారుడు,
రాయగడ

తా.క. చేతి తొడుగులు అద్దెకిస్తారని ఒకాయన చెప్పాడు. ఆ రేటు రెండు చేతులకీ కలిపేనా? ముందే రాయగలరు.