కాటన్ దొరకి చోటుంది, కుసుమ ధర్మన్నకి లేదు

మొన్న ఆగస్టు 15న మన ప్రవాస తెలుగు సంఘం వేడుకలో పిల్లలు వేసిన "చరిత్ర నడక" అందరూ చూశారు. 1857 నుంచి చంద్రయాన్-3 దాకా ఒక్కో ఘట్టానికి ఒక్కో వేషం. దండి ఉప్పు, క్విట్ ఇండియా, అర్ధరాత్రి స్వాతంత్ర్యం, 1983 ప్రపంచ కప్పు, అన్నీ వచ్చాయి. గోదావరి వాళ్లం పట్టుబడితే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కూడా స్టేజీ ఎక్కాడు. అట్టముక్కల ఆనకట్ట ముందు టోపీ పెట్టుకుని నిలబడ్డ ఆ బుడతడికి పడ్డ చప్పట్లు పాపం నెహ్రూ గారి వేషానికి కూడా పడలేదు.

మీరు చూడనిది ఒకటుంది. తొమ్మిదో క్లాసు చదువుతున్న ఒకమ్మాయి రాజమండ్రి మీద నాలుగు నిమిషాల అంశం తయారు చేసుకుంది. మొదటి సగం గరిమెళ్ల సత్యనారాయణ గారి "మాకొద్దీ తెల్ల దొరతనము". రెండో సగం రాజమండ్రి మనిషే అయిన దళిత కవి కుసుమ ధర్మన్న గారి "మాకొద్దీ నల్ల దొరతనము". రిహార్సల్స్ కూడా అయ్యాయి. సరిగ్గా వారం ముందు రెండో సగం ఎగిరిపోయింది. "పండగ పూట కులం గొడవ ఎందుకండీ" అని కమిటీ గ్రూపులో ఒక్క మెసేజి, దాని కింద పదిహేను దండాలు. ఆ పిల్ల సగం పాట పాడి దిగిపోయింది. వెంటనే, బిర్యానీ చల్లారిపోతోంది రండి అని మైకులో పిలుపు.

స్వాతంత్ర్య దినం నాడు ఇంగ్లీషు దొరకి చోటిచ్చి, ధర్మన్న గారిని మాత్రం గుమ్మంలోంచే పంపేశాం.

కాటన్ మీద నాకు కోపం లేదు, ఉంటే అన్నం సహించదు. మాది కోనసీమలో నగరం దీవిలో ఊరు. గోదావరి పాయ వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు (నది మీంచి కాలువని దాటించే వంతెన) దాటి వచ్చిన నీళ్లే మా చేలకి దిక్కు. 1833 కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన ఉప్పెన, వీటి తర్వాత గోదావరి జిల్లా ఎలా ఉండేదో చదివిన వాళ్లకి, 1847లో మొదలై 1852కల్లా లేచిన ఆ ఆనకట్ట విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు చోట్ల నదిని నిలబెట్టి సుమారు 10 లక్షల ఎకరాలకి నీళ్లు మళ్లించారు. ఆయన్ని భగీరథుడన్న శ్లోకం స్నానం చేస్తూ చదువుకునే పెద్దలు మా వైపు ఉన్నారు. మరి ధవళేశ్వరం కొండ రాయి కొట్టిందెవరు, మోసిందెవరు అంటే కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారి పేరు దగ్గరే మనకి మాట ఆగిపోతుంది. ఆ తట్టలెత్తిన వాళ్లకి మన స్టేజీ మీద వేషం లేదు.

ఇక నీళ్లు వచ్చాక ఏమైందో చెప్తాను. మా ఊళ్లో కాలువ ఒకటే, రేవులు మాత్రం బోలెడు. పైన పెద్దిళ్ల ఆడవాళ్ల రేవు, తర్వాత గేదెల్ని కడిగే రేవు, ఆ కింద చాకిరేవు, అన్నింటికన్నా దిగువన దళితులుండే పేట వాళ్ల రేవు. వరస ఎవరూ రాసిపెట్టలేదు, తప్పిన వాళ్లూ లేరు. వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపేవారు. ఆ చెరువు మెట్టు పేట వాళ్లు దిగకూడదు. ఎండలో గట్టు మీద బిందెలు వరసగా పెట్టుకుని, మా వాళ్లు ఎవరైనా నీళ్లకి వచ్చేదాకా కూర్చునేవాళ్లు. మా మామ్మ వెళ్లినప్పుడల్లా ఓపిగ్గా చేదతో తోడి పోసేది. బిందెకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోయడం ఆవిడకి బాగా అలవాటు. సగం నీళ్లు గట్టు మీదే ఒలికిపోయేవి. ఇది నేను పలకా బలపం పట్టుకుని తిరిగే రోజుల్లో సంగతి. అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి పాతికేళ్లు దాటింది.

అలాగని మామ్మ కఠినురాలు కాదు. కోత రోజుల్లో చేలోంచి వచ్చిన ఆడవాళ్లకి అడక్కుండానే మజ్జిగ ఇచ్చేది, కరివేపాకు నలిపి, ఉప్పు సరిచూసి మరీ. ఆ మజ్జిగ పోసే సత్తు గ్లాసు మాత్రం వసారా చూరులో దోపి ఉండేది. తాగిన వాళ్లే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. బొటనవేలు పట్టే చోట ఒక సొట్ట ఉండేది దానికి. ఆ మజ్జిగ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, మేము తాగింది ఇత్తడి చెంబుతో లెండి.

ఆ గట్టు మీద కూర్చున్న ఇళ్ల ఆడపిల్లలే తర్వాత కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లి, ఆ డబ్బుతో పేటలో డాబాలు లేపారు. వాళ్లూ ప్రవాసాంధ్రులే. మన పత్రిక మాత్రం వాళ్లకి అందదు, మన కన్వెన్షన్‌కి వాళ్లని పిలిచిన గుర్తూ నాకు లేదు.

గరిమెళ్ల గారు తెల్లవాళ్లని పొమ్మని పాడి జైలుకెళ్లారు. ఆ రోజుల్లోనే అదే ఊళ్లో ధర్మన్న గారు, సరే, వాళ్లు పోయాక మా మీద మీరు చేసే పెత్తనం సంగతేమిటని అడిగారు. దేశం ఎలా ఏర్పడిందని పిల్లలు అడిగితే ఆ రెండు పాటలూ కలిపి వినిపించాలి. రెండో దానికి రాజ్యాంగంలో జవాబు రావడానికి 1948 నవంబర్ 29 దాకా ఆగాల్సి వచ్చింది. అంటరానితనం రద్దు అధికరణానికి రాజ్యాంగ సభ ఒప్పుకున్న రోజది. జనవరి 26కి మన పిల్లాడికి నీలం కోటు వేసి, చేతిలో పుస్తకం పెట్టి అంబేద్కర్ అంటాం. ఆ పుస్తకంలో ఏముందో అడిగితే ప్రసాదాల టైమైందంటాం. అదే అంబేద్కర్ పేరు మా కోనసీమ జిల్లాకి పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. చివరికి పేరు నిలిచింది. ఆ వారం మన గ్రూపులో ఎవరెవరు ఏం రాశారో నేను మర్చిపోలేదు, మీరూ మర్చిపోయి ఉండరు.

డొక్కా సీతమ్మ గారు కులం అడగకుండా అన్నం పెట్టారని ప్రతి సావనీర్‌లో వేస్తాం, వేయాలి కూడా. గన్నవరం కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెడితే నేనూ పొంగిపోయాను. అడగకపోవడమే అంత గొప్ప అయిందంటే మిగతా ఊరంతా అడిగినట్టేగా?

కమిటీ వైపూ ఒక మాట చెప్పాలి. అధ్యక్షుడు గారు చెడ్డవారేం కాదు, నాకు వరసకి బావగారు కూడా. ఇక్కడ తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగు ఎందుకయ్యాయో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. హాలు అద్దె, స్పాన్సర్లు, పిల్లల్ని తీసుకురాకుండా అలిగి కూర్చునే కుటుంబాలు, ఆయన టెన్షన్ ఆయనది. చిన్నపిల్ల నోట అంత బరువైన పాట ఎందుకన్న తల్లుల మాటా కొట్టిపారేయను. అయితే 1857 తుపాకులు, ఉరికొయ్య వేషాలు అంతకన్నా తేలికా? ఆ అమ్మాయి ఎవర్నీ తిట్టలేదు. ఎప్పటి పాటో, ఎవరు రాశారో, ఎందుకు రాశారో రెండు వాక్యాల్లో చెప్పి పాడాలనుకుంది. ఈ పిల్లలు రేపు స్కూల్లో, అమెరికాలో తెల్లవాళ్లకి బస్సు సీటు వదలనన్న రోజా పార్క్స్ గురించి ప్రాజెక్టు చేస్తే మనమే ప్రింట్లు తీసిపెడతాం. మన కాలువ గట్టు దగ్గరికొచ్చేసరికే గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

1923 కాకినాడ కాంగ్రెస్‌లో, ఖద్దరు ప్రదర్శనకి టికెట్ లేదని నెహ్రూ గారినే గుమ్మంలో ఆపిన రాజమండ్రి పిల్ల దుర్గాబాయి కథ మనకి ఎంతిష్టమో! రెండుసార్లు నాటిక వేశాం. పెద్దమనిషిని నిలబెట్టి అడిగిందనే కదా ఆ చప్పట్లన్నీ.

రిపబ్లిక్ డే కార్యక్రమం పనులు దీపావళి అయ్యాక మొదలవుతాయి. దయచేసి ఈసారి రాజమండ్రికి ఎనిమిది నిమిషాలివ్వండి. రెండు పాటలూ పూర్తిగా ఉండనివ్వండి, కాటన్ దొర పక్కన తట్టలెత్తిన వాళ్లకి ఇద్దరు పిల్లల్ని నిలబెట్టండి. వేషాలు మా ఇంట్లో కుట్టిస్తాం, రిహార్సల్స్‌కి మా బేస్‌మెంట్ వాడుకోండి. ఎవరైనా అలిగి లేచి వెళ్తే పార్కింగ్ దాకా వెళ్లి మాట్లాడే డ్యూటీ నాకు వేయండి. స్పాన్సర్లు తగ్గితే హాలు అద్దెలో ఆ తేడా నేను కట్టుకుంటాను, చెక్కు కోశాధికారి గారికి ముందే ఇస్తాను.